పొగ తాగినపుడు కలిగే తల తిరుగుడు

సిగరెట్టు, బీడీ, చుట్ట వంటివాటిని మొదటిసారి కాల్చినవారిలో చాలామందికి కొద్ది నిమిషాలలోనే తల తిరగడం, కడుపులో తిప్పడం, నోట నీరూరడం, చెమట పట్టడం, ముఖం పాలిపోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. వీటికి ముఖ్య కారణం పొగాకులోని నికోటిన్. వాడుకలో దీనిని కైపు అనీ, కిక్కు అనీ చెప్పుకోవడం కద్దు. వైద్యశాస్త్రం దృష్టిలో మాత్రం ఇది స్వల్పస్థాయి విషప్రభావం.

మార్క్ ట్వేన్ 1876లో ప్రచురించిన టామ్ సాయర్ నవల నండూరి రామమోహనరావు అనువాదం ద్వారా తెలుగు పిల్లలకు కూడా పరిచితమే. అందులో టామ్, జో అనే బాలురు హక్ వద్ద పైపు కాల్చడం నేర్చుకొని గొప్పలు చెప్పుకుంటారు. కాసేపటికే ముఖాలు పాలిపోయి, పోయిన కత్తిని వెదికే నెపంతో చెరొక దిక్కుకూ జారుకుంటారు. రచయిత హాస్యానికి రాసినా, లక్షణాల వరుస వైద్యగ్రంథాలలో ఉన్నట్లే ఉన్నది.

నికోటిన్

పొగాకు మొక్క నికోటిన్‌ను వేళ్ళలో తయారుచేసి ఆకులకు పంపుతుంది. ఆకులను తినే పురుగుల నుండి మొక్కకు ఇది రక్షణ. మన రైతులు పైరు మీద పేనుబంకకు పొగాకు కషాయం చల్లడం ఈ గుణాన్ని ఆధారం చేసుకొన్నదే. 1560లో పొగాకును ఫ్రాన్సు రాజాస్థానానికి పంపిన రాయబారి జాఁ నికో పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమాన్ అనేవారు దీనిని శుద్ధరూపంలో వేరుచేశారు.

ఒక సిగరెట్టులోని పొగాకులో సుమారు 10 మిల్లీగ్రాములు, లేదా అంతకు కొంచెం ఎక్కువ నికోటిన్ ఉంటుంది. ఇందులో కాల్చేవారి శరీరంలోకి చేరేది 1 నుండి 1.5 మిల్లీగ్రాములు మాత్రమే. ఇంత కొద్ది పదార్థం తల తిప్పగలగడానికి అది మెదడును చేరే వేగం ఒక కారణం. కడుపు నుండి రక్తంలో చేరిన పదార్థం ముందుగా కాలేయం గుండా పోవాలి. ఊపిరితిత్తుల నుండి చేరినది నేరుగా గుండె ఎడమ భాగానికి, అక్కడినుండి మెదడుకు పోతుంది. ఈ ప్రయాణానికి 10 నుండి 20 సెకండ్లు చాలు.

సిగరెట్టు పొగకూ చుట్ట పొగకూ ఇక్కడ ఒక తేడా ఉన్నది. బ్యారన్‌లో వేడిగాలికి పండించిన వర్జీనియా పొగాకు నుండి వచ్చే పొగకు ఆమ్లగుణం ఉండటం వలన అందులోని నికోటిన్ నోటి పొరల గుండా అంతగా ఇంకదు. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ కనుక పొగను మింగకపోయినా నోటి నుండే నికోటిన్ రక్తంలో కలుస్తుంది. అందువలన సిగరెట్టును నోటిలోనే ఆడించి వదిలే కుర్రవాడికి మొదట ఏమీ తెలియదు. పొగను లోపలికి పీల్చిన రోజున ఒక్కసారిగా తల తిరుగుతుంది.

శరీరంలో జరిగే మార్పులు

నాడీకణాలు ఒకదానితో ఒకటి సంభాషించడానికి వాడుకొనే రసాయనాలలో ఎసిటైల్ కోలిన్ ఒకటి. ఇది తాళంలో తాళంచెవి వలె కొన్ని గ్రాహకాలలో ఇముడుతుంది. నికోటిన్ ఆ తాళంలో పట్టే దొంగతాళంచెవి వంటిది. కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ 1905లో నికోటిన్, క్యురారే అనే రెండు విషాలతో చేసిన ప్రయోగాల నుండే కణాలపై "గ్రహించే పదార్థం" ఒకటి ఉన్నదన్న భావన బలపడింది. నేటి ఔషధశాస్త్రానికి గ్రాహక సిద్ధాంతం మూలస్తంభం. పొగాకు విషం ఆ విధంగా శాస్త్రానికి మేలే చేసింది.

ఈ గ్రాహకాలు మెదడులో ఒకచోట కాక పలుచోట్ల ఉండటం వలన లక్షణాలు కూడా పలురకాలుగా ఉంటాయి. మెదడు కాండంలో వాంతిని ప్రేరేపించే ఒక చిన్న ప్రాంతం ఉన్నది. రక్తంలోని విషాలను పసిగట్టడం దాని పని. నికోటిన్ తగలగానే అది కడుపులో తిప్పుతుంది. లోపలి చెవి పంపే సమాచారాన్ని అందుకొని శరీర సమతాస్థితిని కాపాడే మార్గాలను కూడా నికోటిన్ కలవరపెడుతుంది. చీకటిలో పొగ తాగినవారి కనుగుడ్లు తమంతట తాము లయబద్ధంగా కదలడాన్ని పరిశోధకులు గమనించారు. నిలుచున్నవాడికి నేల కదిలినట్లు తోచడానికి ఇది ఒక కారణం. అధివృక్క గ్రంథుల నుండి ఎడ్రినలిన్ వెలువడి, గుండె నిమిషానికి 10 నుండి 20 సార్లు అదనంగా కొట్టుకుంటుంది. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొని ముఖం, వేళ్ళు పాలిపోయి చల్లబడతాయి.

కార్బన్ మోనాక్సైడు పాత్ర

"మెదడుకు ప్రాణవాయువు అందక తల తిరుగుతుంది" అన్న వివరణ తరచు వినబడుతుంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. కాని ఒక్క సిగరెట్టుతో ఆ విధంగా పనికిరాకుండా పోయే హీమోగ్లోబిన్ సుమారు ఒక శాతమే. తల తిరగడానికి ఇది చాలదు. పైగా నికోటిన్ జిగురుబిళ్ళ నమిలినా, పొగాకు నమిలినా, నశ్యం పీల్చినా అలవాటు లేనివారికి ఇదే అవస్థ కలుగుతుంది. వాటిలో పొగే లేదు.

మరింత బలమైన సాక్ష్యం పొలంలో ఉన్నది. తడిసిన పచ్చి పొగాకును కోసేవారికి చర్మం గుండా నికోటిన్ ఇంకి తల తిరగడం, వాంతులు, నీరసం కలుగుతాయి. దీనిని పచ్చిపొగాకు జబ్బు అనవచ్చు. 1970లో అమెరికాలోని ఫ్లోరిడా కూలీలలో దీనిని వర్ణించారు, తరువాత గుజరాత్ పొగాకు కూలీలలోనూ గుర్తించారు. మంచు పడిన ఉదయాలలోనూ, వాన తరువాతా ఇది ఎక్కువ. పొగ తాగే అలవాటు లేని కూలీలకే ఇది ఎక్కువగా రావడం గమనార్హం. ప్రకాశం, నెల్లూరు, గోదావరి జిల్లాలలో ఆకు కోసి, కర్రలకు అల్లి, బ్యారన్‌కు ఎక్కించే పనివారు, ముఖ్యంగా స్త్రీలు, ఈ సంగతి తెలుసుకోవలసి ఉన్నది. చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా, తడి బట్టలు వెంటనే మార్చుకోవడం, సబ్బుతో కడుక్కోవడం దీనికి నివారణ మార్గాలు.

అలవాటు పడటం

కొన్నిరోజులు వరుసగా కాల్చినవారికి తల తిరగడం తగ్గిపోతుంది. నికోటిన్‌కు పదేపదే గురైన గ్రాహకాలు మొద్దుబారి స్పందించడం మానడం ఇందుకు కారణం. లోటును పూడ్చడానికి మెదడు మరిన్ని గ్రాహకాలను తయారుచేస్తుంది. ఇకమీదట నికోటిన్ లేకపోతేనే చిరాకు, అస్థిమితం కలుగుతాయి. "శరీరం తట్టుకొంటున్నది" అని కుర్రవాళ్ళు పొరబడేది ఇక్కడే. మొద్దుబారినవి గ్రాహకాలు మాత్రమే. తారు, కార్బన్ మోనాక్సైడు ఊపిరితిత్తులకూ రక్తనాళాలకూ చేసే హాని యథాతథంగా సాగుతూనే ఉంటుంది.

రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటలకు సగానికి తగ్గుతుంది. రాత్రి నిద్రలో చాలావరకు పోవడంతో గ్రాహకాలు తేరుకుంటాయి. పాతకాపులకు కూడా ఉదయం తొలి సిగరెట్టుకు తల కొద్దిగా తిరగడం ఇందువలననే. కాలేయం నికోటిన్‌ను కోటినిన్‌గా మార్చే వేగం వంశపారంపర్యంగా మనిషికీ మనిషికీ మారుతుంది.

ప్రథమ చికిత్స

తల తిరిగినవారు సిగరెట్టు పారవేసి, గాలి వచ్చేచోట కూర్చోవాలి లేదా పడుకోవాలి. నడవడం, వాహనం నడపడం ప్రమాదకరం. సాధారణంగా అరగంట లోపల తేరుకుంటారు. వాంతులు ఆగకపోయినా, స్పృహ తప్పినా, మూర్ఛ వచ్చినా, ఊపిరి మందగించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. పసిపిల్లలు సిగరెట్టు ముక్కలను గానీ, ఎలక్ట్రానిక్ సిగరెట్ల ద్రవాన్ని గానీ మింగితే లక్షణాల కోసం ఎదురుచూడరాదు. ఆ ద్రవంలో నికోటిన్ గాఢత చాలా ఎక్కువగా ఉండవచ్చు. భారతదేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకాలను 2019లో చట్టం ద్వారా నిషేధించారు. 18 సంవత్సరాలు నిండనివారికి పొగాకు ఉత్పత్తులు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతున్నది.