నోటికంటే ముందు చెయ్యి

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణాల బోర్డుల మీద గుజరాతీ. ఇలాంటి తరగతిలో టీచరు చెయ్యి ఊరుకోదు.

సైగ అంటే మాట చాలని చోట ఊతమని మనం అనుకుంటాం. అది చేసే పని అంతకంటే పెద్దది.

బోర్డు మీద 4+3+6 = __+6 అని రాసి చూడండి. మూడో తరగతిలో చాలామంది 13 అంటారు, కొందరు ఉన్నవన్నీ కలిపేసి 19 అంటారు. సమాన గుర్తు కనబడితే చాలు, కూడెయ్యడమే! ఇక్కడ ఎడమ అరచెయ్యి ఎడమవైపు అంకెల కింద, కుడి అరచెయ్యి కుడివైపు అంకెల కింద ఆనించి, ‘ఇటు ఎంతో అటూ అంతే’ అని చూపితే లెక్క మారిపోతుంది. అమెరికాలో సుసాన్ వాగ్నర్ కుక్, సుసాన్ గోల్డిన్-మెడో బృందం ఈ సైగను పిల్లల చేతే చేయించింది. 2008లో వెలువడిన ఆ పరిశోధనలో, చేతులు కదిపిన పిల్లలకు నేర్చుకున్నది నాలుగు వారాల తర్వాత కూడా గుర్తుంది. ఆ మాటను నోటితో మాత్రమే వల్లించినవాళ్లు చాలావరకు మర్చిపోయారు.

పిల్లల చేతులు ఇంకో గుట్టు కూడా విప్పుతాయి. సమానంగా నీళ్లున్న రెండు పొడుగు గ్లాసుల్లో ఒకదానిలోవి వెడల్పు గిన్నెలోకి పోస్తే ‘పొడుగు గ్లాసులోనే ఎక్కువున్నాయి’ అంటుంది ఒక పాప. నోరు ఎత్తు గురించే మాట్లాడుతోంది, వేళ్లు మాత్రం గిన్నె వెడల్పును చుట్టి చూపిస్తున్నాయి. మాటకూ చేతికీ పొంతన కుదరని ఇలాంటి పిల్లలే, నేర్పితే త్వరగా అందుకుంటారని బ్రెకిన్‌రిడ్జ్ చర్చ్, గోల్డిన్-మెడో 1986లోనే చూపారు. పరీక్ష పేపరుకు ఆ చెయ్యి కనబడదు, సున్నాయే పడుతుంది.

సైగలు చెయ్యడం ఇతరులను చూసి నేర్చుకున్న అలవాటేమో అనడానికీ లేదు. పుట్టుకతోనే చూపు లేనివాళ్లు మరో అంధుడితో మాట్లాడేటప్పుడు కూడా చేతులు ఆడిస్తారని 1998లో తేలింది.

అసలేమీ చెయ్యకపోవడమూ ఒక సైగే. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో లెక్కగట్టారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మౌనంగా కూర్చునే పిల్లలూ నోరు విప్పారు. అయితే సిలబస్ తరుముతుంటే ఆ మూడు సెకన్లు చాలా పొడుగు.