నలుగురికీ తెలిసిన ఆటే ఎందుకు నెగ్గుతుంది?

అమెరికాలో మిడిల్ స్కూలుకో హైస్కూలుకో వెళ్ళే పిల్లలున్న తల్లిదండ్రులు ఈపాటికి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అన్న పేరు వినే ఉంటారు. పుట్టినరోజుకి ఏం కావాలిరా అంటే వీడియో గేమ్ కాకుండా మూడు లావుపాటి పుస్తకాలు, ఓ చిన్న సంచీడు రంగురంగుల పాచికలు కావాలంటారు. పోన్లే, పుస్తకాలే కదా అడిగారని సంతోషించి కొనిపెడతాం. తీరా చూస్తే ఒక్కో పుస్తకం 300 పేజీల పైమాటే, నిండా ఆట నియమాలే. మొన్నామధ్య మా సంఘం పిక్నిక్‌లో ఒకాయన అడిగారు, "ఇంతకన్నా తేలికైనవి, చవకైనవి లేవాండీ?" అని. ఎందుకు లేవు, వందల్లో ఉన్నాయి. ముప్ఫై పేజీల్లో ముగిసేవీ ఉన్నాయి, ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. "మరి అందరూ ఇదే ఎందుకు ఆడతారు?" అన్నారాయన. పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని నేను చెప్పిన జవాబు ఆయనకీ ఆనలేదు, నాకూ ఆనలేదు. అందుకే తీరిగ్గా ఈ వ్యాసం.

అసలీ ఆట ఏమిటి?

తెలియనివారి కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్ళలో ఒకరు కథ నడుపుతారు. ఈ ఆటలో ఆ మనిషిని డంజన్ మాస్టర్ అంటారు. మిగతా వాళ్ళు తలా ఒక పాత్ర. హరికథ చెబుతున్న దాసుగారు మధ్యలో ఆగి, "ఇప్పుడు హనుమంతుడు ఏం చేస్తాడంటారు?" అని ముందు వరసలో ఉన్న మిమ్మల్ని అడిగి, మీ జవాబుని బట్టి కథ ముందుకు నడిపితే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంటుంది. మీరు కోటగోడ దూకుతానంటారు. దూకగలిగారో లేదో పాచిక తేలుస్తుంది. ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు మీ పాత్ర బలానికి తగ్గ అంకె కలుపుతారు. మొత్తం ముందుగా అనుకున్న అంకెను చేరితే దూకినట్టు, లేకపోతే కింద పడ్డట్టు. ఏ పాచిక వెయ్యాలి, ఎంత కలపాలి, దెబ్బ తగిలితే ఏమవుతుంది అని చెప్పే ఈ నియమాలన్నిటినీ కలిపి 'సిస్టమ్' అంటారు. ఒకే కథను పది సిస్టమ్‌లలో ఆడుకోవచ్చు. వాటిలో ఒకటే ఎందుకు ఊరంతా పాకుతుందన్నది మన ప్రశ్న.

మొదట వచ్చినవాడికి దొరికిన చోటు

డంజన్స్ అండ్ డ్రాగన్స్, ముద్దుగా డి అండ్ డి, 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఒకప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసిన గ్యారీ గైగాక్స్, మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ దీని కర్తలు. బొమ్మ సైనికులతో బల్లమీద యుద్ధాలాడే అలవాటున్న మనుషులు. సైన్యం బదులు ఒక్కొక్కరూ ఒక్కో వీరుడిని నడిపితే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచి ఈ ఆట వచ్చింది. గైగాక్స్ తన మిత్రుడితో కలిసి పెట్టిన టి.ఎస్.ఆర్. అనే కంపెనీ మొదట వేసింది 1000 పెట్టెలు. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు.

ఆ పుస్తకాలు చదివి ఆట నేర్చుకోవడం గగనంగా ఉండేది. ఫీనిక్స్‌లో లైబ్రరీ ఉద్యోగి అయిన కెన్ సెయింట్ ఆండ్రే అవి చదివి విసుగొచ్చి, తనే తేలికైన నియమాలు రాసుకుని 1975లో 'టనల్స్ అండ్ ట్రోల్స్' తెచ్చాడు. 1977లో అంతరిక్షం కథలకి 'ట్రావెలర్' వచ్చింది. 1978లో వచ్చిన 'రూన్‌క్వెస్ట్'లో ప్రతి విద్యకూ నూటికింత అని లెక్క, కొత్తవాడికి కూడా ఇట్టే అర్థమవుతుంది. 1986లో వచ్చిన 'గర్ప్స్' ఒకే నియమావళితో ఏ కథైనా ఆడుకోవచ్చంది. వీటన్నిటికీ అభిమానులున్నారు. డి అండ్ డి కన్నా ఇవే మెరుగని వాదించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అయినా ఒక్కటీ దాని దరిదాపులకు రాలేదు.

రమ్మీ సూత్రం

మన పెళ్ళిళ్ళలో పేకాట గుర్తు తెచ్చుకోండి. విడిదింట్లో దుప్పటి పరిచి నలుగురు కూర్చుంటారు. ఒకరు గుంటూరు నుంచి, ఒకరు కరీంనగర్ నుంచి, ఒకరు డాలస్ నుంచి. ఎవరూ ఎవరికీ ఆట నేర్పరు. పదమూడు ముక్కలు పంచి మొదలెట్టేస్తారు. పేకాటల్లో రమ్మీయే గొప్పదని ఎవరూ ఓటెయ్యలేదు. నలుగురు చేరితే నలుగురికీ వచ్చిన ఆట అదే, అంతే. మీరు అంతకన్నా మంచి ఆట తెచ్చి, "ఓ గంట వినండి, నియమాలు చెబుతాను" అంటే బాబాయిలు మిమ్మల్ని లేచి కాఫీలు పట్టుకురమ్మంటారు.

ఆర్థికశాస్త్రంలో దీన్ని నెట్‌వర్క్ ఎఫెక్ట్ అంటారు. ఫోను ఒక్కడి దగ్గరే ఉంటే దండగ. ఊరంతా ఉంటేనే దానికి విలువ. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది రోజూ కనిపించే సంగతే.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో ఎవరూ తెలియని ఊళ్ళో, శుక్రవారం సాయంత్రాలు ఐదుగురం కలిసి డి అండ్ డి ఆడేవాళ్ళం. అప్పట్లో నాకున్న స్నేహితులంటే వాళ్ళే. రెండో ఏడాది నాకో బుద్ధి పుట్టింది. డి అండ్ డిలో కొట్లాటలెక్కువ, లెక్కలెక్కువ అని, నియమాలు ముచ్చటగా ఉన్న మరో సిస్టమ్ కొనితెచ్చి అందరినీ ఒప్పించాను. ఒకతను పుస్తకం చదివాడు, ముగ్గురు చదవలేదు. పది నిమిషాలకోసారి ఆట ఆపి పేజీలు తిప్పాల్సివచ్చేది. మూడో వారం ఇద్దరు హోంవర్కు ఉందన్నారు. ఐదో వారానికి ఎవరూ రాలేదు. ఆటతో పాటు ఆ శుక్రవారాలూ పోయాయి. పుస్తకం వెల ఒక్కసారి కట్టేది. ఐదుగురి చేత దాన్ని నేర్పించడానికయ్యే ఖర్చు వేరని అప్పుడు తెలిసివచ్చింది.

తలుపులు తెరిచిన 2000 సంవత్సరం

ఇంత బలమున్నా టి.ఎస్.ఆర్. కంపెనీ మునిగింది. 1990లలో ఒకే ఆటకు ఒకదానికొకటి సంబంధం లేని ఎన్నో కల్పిత లోకాలు సృష్టించి, ఒక్కోదానికి పుస్తకాల మీద పుస్తకాలు వేసింది. ఒక లోకం అభిమాని ఇంకో లోకం పుస్తకం కొనడు. అంటే తన నెట్‌వర్కును తనే ముక్కలు చేసుకుంది. 1997లో సియాటిల్ ప్రాంతపు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ దాన్ని కొనేసింది. 1999లో ఆ కంపెనీని బొమ్మల వ్యాపారి హాస్‌బ్రో కొంది.

అప్పుడు డి అండ్ డి వ్యవహారాలు చూసిన ర్యాన్ డాన్సీ ఈ నెట్‌వర్క్ సూత్రాన్ని ఒడిసిపట్టుకున్నాడు. 2000లో మూడో ఎడిషన్‌తో పాటు ఓపెన్ గేమ్ లైసెన్స్ వచ్చింది. మా నియమాల సారాన్ని ఎవరైనా వాడుకుని సొంత పుస్తకాలు వేసుకోండి, పైసా కట్టక్కర్లేదన్నారు. లినక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సులే దీనికి ఆదర్శం. పిచ్చి దానం కాదిది. బయటివాళ్ళు వేసిన ప్రతి పుస్తకమూ డి అండ్ డి నియమాలు తెలిసినవాళ్ళ సంఖ్యను పెంచుతుంది. ఆ పెరిగినవాళ్ళు చివరికి అసలు పుస్తకమే కొంటారు.

ఆ రోజుల్లో వెబ్‌లో తెలుగు చదివినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. ఒక్కో పత్రిక వెబ్‌సైటుకి ఒక్కో ఫాంటు. ఈ పేపరు ఫాంటు దించుకుంటే ఆ పేపరు కనపడేది కాదు. వాటిలో అందమైన ఫాంట్లు లేకపోలేదు. కానీ చివరికి నిలిచింది అందరూ చదవగలిగే యూనికోడ్.

తలుపు మూస్తే ఏమైంది?

2008లో నాలుగో ఎడిషన్ వచ్చింది. నియమాలు బాగా మారాయి, లైసెన్సు షరతులు బిగిశాయి. పాత ఆటగాళ్ళు చాలామంది మారలేదు. వాళ్ళ కోసం పైజో అనే కంపెనీ, 2000 నాటి లైసెన్సునే వాడుకుని, పాత నియమాలకు మెరుగులు దిద్ది 2009లో 'పాత్‌ఫైండర్' తెచ్చింది. రెండు మూడేళ్ళలో అది హాబీ షాపుల అమ్మకాల్లో కొంతకాలం డి అండ్ డినే దాటింది. పేరు కంపెనీదే కావచ్చు, కానీ నేర్చుకున్న నియమాలు ఆటగాళ్ళవి. వాళ్ళు తమకు వచ్చినదాని వెంటే వెళ్ళారు.

వేరే దేశాల్లో వేరే రమ్మీ

డి అండ్ డిలోనే ఏదో మహత్తు ఉందనుకుంటే జర్మనీ వైపు చూడండి. అక్కడ డి అండ్ డి అనువాదం ఉన్నా, 1984లో వచ్చిన 'దాస్ ష్వార్‌జ్ ఆవుగె' దాన్ని మించిపోయింది. కారణం, పేరున్న బొమ్మల కంపెనీ ష్మిట్ దాన్ని మామూలు బొమ్మల దుకాణాల్లో పెట్టించింది. స్వీడన్‌లో 1982లో స్వీడిష్ భాషలో వచ్చిన 'డ్రాకర్ ఓక్ డెమోనర్' రాజ్యమేలింది. దాని నియమాలు అమెరికాలో రెండో వరసలో ఉండిపోయిన రూన్‌క్వెస్ట్ కుటుంబానివే! అవే నియమాలు ఒక దేశంలో వెనకబడి, ఇంకో దేశంలో ఊరూరా పాకాయి. తేడా అంతా సొంత భాషలో, సొంత వీధి చివర దుకాణంలో ముందుగా దొరకడంలో ఉంది.

జపాన్‌ది ఇంకో దారి. అక్కడ ఆట జరిగిన తీరును నాటకంలా రాసి పత్రికల్లో వేస్తారు, 'రీప్లే' అంటారు. తర్వాత అవే ఇంటర్నెట్‌లో వీడియోలయ్యాయి. 1981లో అమెరికాలో పుట్టిన భయానక కథల ఆట 'కాల్ ఆఫ్ థుల్హు' ఆ వీడియోల పుణ్యమా అని జపాన్‌లో డి అండ్ డి కన్నా ఎక్కువ పేరు తెచ్చుకుంది.

అమెరికాలోనూ 2014లో ఐదో ఎడిషన్ వచ్చాక జరిగింది ఇలాంటిదే. 2015లో 'క్రిటికల్ రోల్' పేరుతో కొందరు గాత్రనటులు తమ ఆటను ఇంటర్నెట్‌లో చూపించడం మొదలెట్టారు. 2016లో 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్లో పిల్లలు ఈ ఆట ఆడుతూ కనిపించారు. 300 పేజీలు చదవకుండా, చూసి నేర్చుకునే వీలు కలిగింది. 2020లో కోవిడ్ వచ్చి అందరూ ఇళ్ళలో ఉంటే ఆన్‌లైన్ బల్లలు దొరికాయి.

మరి నియమాలకు విలువ లేదా?

లేకేం. ఐదో ఎడిషన్ తేలికపడటం వల్లే చూసినవాళ్ళు ఆడగలిగారు. పాత ఎడిషన్లలో పది రకాల కూడికలుండే చోట, రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోండి అంది. పైగా పెద్ద ఆట పట్టించుకోని కోరిక ఏదైనా ఉంటే చిన్న సిస్టమ్‌కి అక్కడ చోటుంది. 1991లో వచ్చిన 'వాంపైర్: ది మాస్కరేడ్' రాక్షసులను చంపడం మాని రాక్షసుల మనసులోకి వెళ్ళమంది. అంతకుముందు ఈ ఆటల వైపు చూడనివాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఎందరో దానివల్ల వచ్చారు. రమ్మీతో రమ్మీ ఆడి గెలవడం కష్టం. వేరే ఆట పెడితే వేరే జనం వస్తారు.

2023లో తేలిన లెక్క

2023 జనవరిలో విజర్డ్స్ కంపెనీ ఆ పాత లైసెన్సును రద్దు చేయాలనుకున్న ముసాయిదా బయటికి పొక్కింది. ఏడాదికి 750,000 డాలర్లు దాటి వ్యాపారం చేసేవాళ్ళు ఆపై వచ్చినదాంట్లో వాటా కట్టాలన్నది అందులో ఒక షరతు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట నమ్మి బతుకుతున్న చిన్న ప్రచురణకర్తలు ఎందరో. ఒక్కసారిగా వాళ్ళ కాళ్ళకింద నేల కదిలింది. ఆటగాళ్ళు మండిపడి కంపెనీ ఆన్‌లైన్ చందాలు రద్దు చేసుకున్నారు. పైజో ఎనిమిది నెలలకు సరిపడా పుస్తకాలు రెండు వారాల్లో అమ్ముడయ్యాయని ప్రకటించింది. జనవరి 27న విజర్డ్స్ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద పెట్టేసింది. ఇక వాటిని వెనక్కి తీసుకోలేరు.

పిక్నిక్‌లో అడిగినాయనకు ఇప్పుడు నా జవాబు ఇది. మీ అబ్బాయి స్నేహితులు ఏది ఆడుతుంటే అదే కొనండి. బల్ల చుట్టూ నలుగురు నిలబడటం ముఖ్యం, సిస్టమ్ తర్వాత చూసుకోవచ్చు. డబ్బు పెట్టే ముందు ఉచితంగా దొరికే మూల నియమాలతో మొదలెట్టండి.

మనలో ఓపికున్నవాళ్ళకి ఇంకో మాట. ఆ మూల నియమాలను మూలకర్తల పేరు చెప్పి ఎవరైనా, ఏ భాషలోకైనా అనువదించుకోవచ్చు. తెలుగుకూ అడ్డు లేదు. సొంత భాషలో దొరికితే ఏమవుతుందో జర్మనీ, స్వీడన్ చూపించాయి. వేసవి సెలవుల్లో పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, తాతయ్య కథ నడుపుతుంటే పిల్లలు తెలుగులో "నేను గోడ దూకుతాను" అనే రోజు రావాలంటే, ముందు ఆ మూల నియమాలను ఎవరో ఒకరు తెలుగు చెయ్యాలి. నేను మొదటి రెండు పేజీలు మొదలుపెట్టాను. 'హిట్ పాయింట్స్'కి మంచి తెలుగు మాట ఎవరికైనా తడితే చెప్పండి.