పాత స్వరయంత్రాల ధూళిశుద్ధి

పుంగనూరులో ఒక గృహస్థుని ఇంటికి సత్యనారాయణ వ్రతానికి వెళ్లినప్పుడు పూజగదిలో పాత టేప్‌రికార్డరు కనబడింది. దీపపు కుందికి జానెడు దూరంలో ఉన్నది. దానిపై దుమ్ము తుడిచినా రాలేదు. అగరుబత్తి పొగ, కర్పూరపు మసి, నూనె ఆవిరి కలిసి జిడ్డుగా పట్టి ధూళిని బంధిస్తాయి. ధూపం దేవునికి ప్రీతికరమే గాని యంత్రానికి కాదు. కనుక స్వరయంత్రాన్ని దీపధూపాలకు దూరంగా ఉంచడం ప్రథమ నియమం.

ఈ మాట నా అపరాధం నేర్పినది. కుప్పంలో మా గురువుగారు చెప్పిన పాఠాన్ని క్యాసెట్టులో పట్టి మదనపల్లెలోని మా ఇంటికి తెచ్చుకొన్నాను. యంత్రాన్ని ఏళ్ల తరబడి శుభ్రం చేయలేదు. టేపును నడిపించే రబ్బరు చక్రానికి జిడ్డు పట్టింది. వారు పరమపదించిన తరువాత ఒకనాడు వినబోగా, టేపు ఆ చక్రానికి చుట్టుకొని నలిగిపోయింది. ఆ భాగంలోని గురువాణి మరల వినబడలేదు. 1919లో ఇదే మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో మార్గరెట్ కజిన్స్ గారు జనగణమనకు స్వరలిపి వ్రాశారు. బాణీ కాగితంపై నిలుస్తుంది. కంఠం మాత్రం టేపులోనే నిలుస్తుంది.

శుద్ధికి ముందు ప్లగ్గు తీయవలెను. ఆంప్లిఫయరు, వాల్వు రేడియోల పెట్టెను విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదప కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. ఆ పని మెకానిక్కుకు విడువవలెను. పైభాగాన్ని, గాలిరంధ్రాలను పొడిగా ఉన్న మెత్తని కుంచెతో తుడవాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. కిరోసిన్, కొబ్బరినూనె వాడరాదు. స్పీకరులోని కాగితపు పొరను వేలితో నొక్కరాదు.

క్యాసెట్టు హెడ్డును, దాని ప్రక్కనున్న లోహపు కడ్డీని దూదిపుల్లకు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్ది తుడవాలి. రబ్బరు చక్రానికి నీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డ చాలును. అంతా ఆరిన తరువాతనే టేపు పెట్టాలి.

గ్రామఫోను రికార్డును గాడుల వెంబడి గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులకు ఆల్కహాలు తగలనీయరాదు, లక్క అందులో కరిగిపోతుంది. ముల్లును వెనుక నుండి ముందుకే తుడవాలి.

వాడని వేళ యంత్రంపై నూలుగుడ్డ కప్పండి. మ్రోగించేటప్పుడు తీసివేయండి, లేనిచో వేడి లోపలే నిలుస్తుంది.

చివరిగా ఒక మాట. శుద్ధి చేసిన పిదప మొదట అవసరం లేని క్యాసెట్టును నడిపి చూడండి. అది సాఫీగా నడిచిన తరువాతనే పెద్దల కంఠమున్న దానిని పెట్టండి. నేను ఆ ఒక్క పని చేసి ఉంటే మా గురువుగారి పాఠం నేటికీ పూర్తిగా వినబడేది.