పాత టూ స్ట్రోకు బండికి ఊపిరి

సాయంకాలము వార్తలు వినుచుండగా వీధిలో నొక పాత మోటారు సైకిలు పోయినచో, రేడియోలో టపటపమని చిటపట ధ్వని వినవచ్చును. మీడియం వేవు వినెడు ఇండ్ల వారందరికి ఇది అనుభవమే. ఆ దోషము ప్రసార కేంద్రముది కాదు, రేడియోదియు కాదు. బండి స్పార్కు ప్లగ్గు కొనల నడుమ ఎగిరెడు ప్రతి విద్యుత్ రవ్వయు ఒక బుల్లి ప్రసార కేంద్రము వంటిది. అది పుట్టించు తరంగములు మన ఏరియలును తాకి, వార్తల నడుమ దూరుచున్నవి. ఈ చిటపట మీద మాకు వృత్తి వలన కొంత కోపము, ఆ బండ్ల మీది మక్కువ వలన కొంత ప్రేమయు గలవు. ఆ బండ్లను ఇంటి పెరటిలో బాగుచేసికొను విధమును, ఆ పనిలో మేము చేసిన ఒక పెద్ద తప్పును ఇచ్చట మనవి చేయుదుము.

రాళ్ల దారులలోను, ఇసుక బాటలలోను నడచుటకై ప్రత్యేకముగా చేసిన బండ్లను ఇతర దేశములలో ట్రెయిల్ మోటారు సైకిళ్లందురు. 1968లో జపాను దేశపు యమహా వారి డీటీ-1 వచ్చిన పిదప వానికి లోకమంతట పేరు వచ్చినది. మన గోదావరి సీమలో అట్టి బండ్లు అరుదు. కాలువ గట్ల మీద, లంకల ఇసుకలో, వరి చేల నడుమ పుంతలలో ఆ పనిని వేరు బండ్లు చేసినవి. పోలెండు దేశపు నమూనా ననుసరించి ఎస్కార్ట్స్ వారు 1960వ దశకము ఆరంభము నుండి చేసిన రాజదూత్, మైసూరులో ఐడియల్ జావా వారు చేసిన జావా, 1973 నుండి యెజ్డీ అను పేరుతో వచ్చిన దాని వారసురాలు, 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 — ఇవి మన బాట బండ్లు. ఇవన్నియు టూ స్ట్రోకు యంత్రములు. యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 రెండును 1996లో ఆగిపోయినవి. రాజదూత్ సైతము తరువాత కొన్ని ఏండ్లకు ఆగినది. కాని మన పశువుల పాకలలోను, సావిడులలోను గోనెపట్టాల క్రింద ఇవి నేటికిని కనబడుచునే యున్నవి.

2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చినది. ధవళేశ్వరము వద్ద 17 లక్షల క్యూసెక్కులకు మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేయుదురు. ఆ సారి ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటినది. ఆనకట్టకు దిగువనున్న ఒక లంకలో మా మిత్రుని ఇల్లు నడుము లోతున మునిగెను. ఆ ఇంటి అరుగు మీద ఆతని తండ్రిగారు 1976లో కొన్న రాజదూత్ ఉండెను. ఆయన బడిపంతులుగా ఉద్యోగము చేసినన్నాళ్లు దానిమీదనే రేవు వరకు పోయి వచ్చెడివారు. నీరు తీసిన పిదప ఆ బండిని ధవళేశ్వరములోని మా పెరటికి తెచ్చితిమి. ప్రాణ మున్నదో లేదో చూతమను ఆత్రముతో మేము కిక్కు మీద కాలు వేసి ఒక్క తన్ను తన్నితిమి. లోపల గరగరమని ధ్వని వచ్చెను. సిలిండరు విప్పి చూడగా పిస్టను పొడుగునను గోళ్లతో గీరినట్లు చారలు పడియుండెను.

పెద్దాయన ఆ పిస్టనును చేతిలోనికి తీసికొని చాలసేపు చూచి, "నాయనా, గోదారి తెచ్చింది ఒండ్రే. దాన్ని లోపల పెట్టి నూరింది మనం" అనిరి. 46 ఏండ్లు ఏ లేతు ముఖము చూడని సిలిండరు అది. వరద దానిని పాడుచేయలేదు. మా తొందర పాడుచేసినది. అటు పిమ్మట ఏ పాత బండి మా పెరటికి వచ్చినను, ముందు దాని లోపలి మర్మమును తలచుకొని గాని చేయి వేయుట లేదు.

ఆ మర్మమేమో చూతము. ఫోర్ స్ట్రోకు యంత్రములో గాలి, పెట్రోలు లోపలికి వచ్చుటకును, పొగ బయటికి పోవుటకును వేరువేరు వాల్వు లుండును. మన బాట బండ్ల యంత్రములో అవి లేవు. సిలిండరు గోడకు కన్నము లుండును. పైకి క్రిందికి ఆడెడు పిస్టనే వానికి తలుపు. పిస్టను పైకి పోవునపుడు దాని క్రింది గదియైన క్రాంకు కేసులో శూన్యత ఏర్పడి, కార్బ్యురేటరు నుండి గాలి, పెట్రోలు, నూనె కలిసిన మిశ్రమము ఆ గదిలోనికి వచ్చును. పిస్టను క్రిందికి దిగునపుడు ఆ మిశ్రమము గదిలో నొత్తిడికి లోనై, ప్రక్క దారుల వెంట పైకెక్కి, కాలిన పొగను బయటికి నెట్టి, తాను సిలిండరులో నిండును. 1891లో ఇంగ్లండు దేశములోని బాత్ నగరవాసి జోసెఫ్ డే పేటెంటు పొందిన ఉపాయమిది.

ధవళేశ్వరము వారికి దీనిని బోధపరచుట సులభము. మన కాలువల మీద పడవలు దాటుటకు లాకు లున్నవి గదా. పడవ లాకు గదిలోనికి వచ్చిన పిదప వెనుక తలుపులు మూయుదురు. గదిలో నీటి మట్టము మారిన పిదప ముందు తలుపులు తెరతురు. తలుపు సందున నీరు కారుచుండినచో గదిలో మట్టము నిలువదు, పడవ కదలదు. టూ స్ట్రోకు బండికి క్రాంకు కేసు అట్టి లాకు గది. క్రాంకు ఇరుసుకు రెండు వైపులనున్న రబ్బరు ఆయిల్ సీళ్లు, కేసు రెండు ముక్కల నడుమ గాస్కెట్టు, సిలిండరు అడుగు గాస్కెట్టు — ఇవి దాని తలుపులు. ఇవి కారినచో ఎంత మంచి కార్బ్యురేటరు వేసినను ప్రయోజనము లేదు. పాత బండి స్టార్టు కాకపోవుటకు పలువురు ప్లగ్గును, కార్బ్యురేటరును నిందింతురు. తరచు దోషము ఎండి బిరుసెక్కిన ఈ సీళ్లలో నుండును.

దోషము ఏ వైపుననున్నదో బండియే చెప్పును. మాగ్నెటో వైపు సీలు పోయినచో బయటి గాలి లోపలికి దూరి మిశ్రమము పలుచబడును. యాక్సిలరేటరు వదలినను యంత్రము తనంత తాను అరచును, అతిగా వేడెక్కి తుదకు పిస్టను పట్టివేయును. క్లచ్చి వైపు సీలు పోయినచో గేరు నూనె లోపలికి పీల్చబడి, తెల్లని దట్టమైన పొగ విడువక వచ్చును. గేరు పెట్టెలో నూనె దినదినము తగ్గును.

దీనిని ఇంటిలోనే పరీక్షించు మార్గ మొకటి కలదు. కార్బ్యురేటరును, సైలెన్సరును విప్పి, ఆ రెండు కన్నములను రబ్బరు ముక్కలతో బిగించి మూయవలెను. ప్లగ్గు రంధ్రమునకు ఒక గొట్టమమర్చి, వైద్యులు రక్తపు పోటు చూచెడు పరికరమును దానికి తగిలించి, దాని బుడ్డితో మెల్లగా గాలి కొట్టవలెను. 250 మిల్లీమీటర్ల వరకు చాలును. అంతకు మించినచో సీళ్లే ఊడివచ్చును. ముల్లు ఐదారు నిముషములు కదలక నిలిచినచో గది భద్రము. దిగిపోవుచుండినచో సబ్బు నీరు పూయుడు; బుడగలు వచ్చుచోటనే రోగము. క్రొత్త సీలు వేయునపుడు స్ప్రింగు గల ముఖము క్రాంకు కేసు వైపునకే ఉండవలెను.

వరదలో మునిగిన బండికి ఈ పరీక్షకు ముందే చేయవలసిన పని వేరు. దానిని తన్నరాదు, తోసి నడుపరాదు. ప్లగ్గును, కార్బ్యురేటరును తీసి నీటిని కార్చవలెను. వెంటనే విప్పుటకు వీలులేనిచో కిరసనాయిలులో కొంత నూనె కలిపి, లోపల నిండుగా పోసి, త్రుప్పు పట్టకుండ కాపాడవలెను. ఒండ్రు బేరింగులలో దూరియుండును గనుక కేసును విప్పక తప్పదు. విప్పునపుడు స్క్రూడ్రైవరుతో చీల్చరాదు; గాస్కెట్టు కూర్చుండు ముఖమునకు ఒక్క గాటు పడినను గాలి కారును. బేరింగు రానిచో, పెట్రోలు తడి ఏమాత్రమును లేకుండ కడిగిన కేసును మరుగు నీటిలో వేడిచేయుడు. అల్యూమినియము ఉక్కు కంటె ఎక్కువ వ్యాకోచించును గనుక బేరింగు వదులగును.

ఇంటి పని ఎచ్చట ఆగవలెనో తెలిసికొనుటయు పనివానితనమే. క్రాంకును ప్రెస్సుతో విడదీసి మరల కూర్చి, వంకర లేకుండ నిలుపుట, సిలిండరుకు బోరు చేయుట లేతు పనివారి చేతికే ఇయ్యవలెను. ధవళేశ్వరములో యంత్రపు పని నిన్న మొన్నటిది కాదు. 1847లో మొదలై 1852లో పూర్తియైన కాటను ఆనకట్ట పనుల నాటి నుండి ఇచ్చట వర్కుషాపు లుండెను. మా రాజదూత్ సిలిండరును సమీపమున నొక లేతుకే ఇచ్చితిమి. అర మిల్లీమీటరు పెద్ద పిస్టను కావలసివచ్చెను. మొదట 0.25 మిల్లీమీటరుతో సరిపోవునేమో కొలిచి చూచుట మేలు. తీసిన లోహము తిరిగి రాదు.

తరువాత పెట్రోలు తొట్టి. లోపలి త్రుప్పును వెనిగరు పోసి ఒకటి రెండు దినము లుంచి వదిలింపవచ్చును. పిదప వంట సోడా నీటితో కడిగి, బాగుగ ఆరబెట్టి, నూనె త్రిప్పవలెను. తొట్టికి చిల్లియున్నచో ఖాళీదే గదాయని మంట చూపరాదు. నిండు తొట్టి కంటె ఆవిరి నిండిన ఖాళీ తొట్టియే ప్రాణాంతకము. కార్బ్యురేటరు జెట్లను ఉక్కు తీగతో పొడువరాదు, సన్నని రాగి పోగు చాలును.

ఈ బండ్లలో నూనె పెట్రోలుతో కలిసి వచ్చి క్రాంకును, పిస్టనును తడుపును. వేరు నూనె లేదు. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, అనగా 25 పాళ్లకు ఒక పాలు, ఆ కాలపు బండ్లకు తరచు చెప్పెడు లెక్క. మీ బండి పుస్తకమేమి చెప్పునో అదియే ప్రమాణము. నేడు ఒక క్రొత్త చిక్కు వచ్చినది. 2025 నాటికి మన బంకులలో 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు సర్వసాధారణమైనది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. మన డెల్టాలో తేమకు కొదువ లేదు. బండి నెలల తరబడి నిలిచినచో నీరు, ఇథనాలు వేరుపడి తొట్టి అడుగున చేరును. ఆ పొరలో నూనె ఇమడదు. స్టార్టు చేసినపుడు కార్బ్యురేటరునకు మొదట పోవునది ఆ నూనె లేని పొరయే. ఫలితము పిస్టను పట్టివేయుట. కావున బండిని నిలుపదలచినచో తొట్టిని ఖాళీ చేయుడు. ఇథనాలుకు తాళెడు రబ్బరు సీళ్లనే వేయుడు.

అంతయు కూర్చి నడపిన పిదప ప్లగ్గును తీసి చూడుడు. పాలు కలిపిన కాఫీ రంగున నున్నచో యంత్రము సుఖముగా నున్నది. తెల్లగా నున్నచో మిశ్రమము పలుచన, అపాయము. నల్లగా జిడ్డుగా నున్నచో చిక్కన.

రంగులు, మెరుగులు చివరి మాట. లోపలి ఊపిరి కుదరక ముందే నికెలు పూత వేయించుట, జబ్బు మనిషికి పట్టుబట్ట కట్టుట వంటిది. అసలు రంగు కొంత మిగిలియున్నచో దానిని అట్లే ఉంచుట మేలు. ఆ గీతలు ఆ ఇంటి చరిత్ర. చట్టమును మరువరాదు. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగిసిన పిదప ఐదేండ్ల కొకసారి నూతనపరచుకొనవలెను. 50 ఏండ్లు దాటి మూల రూపమున నున్న వానికి 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారము వింటేజి రిజిస్ట్రేషను కలదు. అట్టివానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు గాని నిత్యపు రాకపోకలకు వాడరాదు. ఇందులో న్యాయము లేకపోలేదు. టూ స్ట్రోకు యంత్రములో క్రొత్త మిశ్రమములో కొంత భాగము కాలకయే పొగగొట్టము వెంట పోవును. కాలుష్య నియమములు బిగిసిన కొలది ఈ బండ్లు మాయమగుటకు కారణమదియే. వీనిని ప్రేమించువారు పొరుగువారి ఊపిరిని కూడ తలపవలెను.

మా రాజదూత్ 2023 సంక్రాంతికి లేచినది. పెద్దాయన తామే కిక్కు కొట్టెద ననిరి. మొదటి తన్నుకు పలుకలేదు, మూడవ దానికి పలికెను. గేరు వేయలేదు, వాకిట నిలిచి కొంతసేపు వినిరి, పిదప ఆర్పివేసిరి. తొలినాటి పిస్టనును మేము గుడ్డలో చుట్టి ఆయనకిచ్చితిమి. తమకు వలదని, మా బల్ల మీద నుంచుకొనుమని చెప్పిరి. అది నేటికిని మా వ్రాత బల్ల మీద కాగితములపై బరువుగా నున్నది. చారలు స్పష్టముగా కనబడును.

చివరకు ఒక చిన్న మనవి. బండి బాగుచేసినవారు ప్లగ్గు టోపీకి బదులు లోపల 5 వేల ఓముల నిరోధము గల టోపీని వేయుడు. స్పార్కుకు లోపము రాదు, యంత్రమునకు హాని లేదు, ఖర్చు స్వల్పము. మీరు వీధిలో పోవునపుడు ఇండ్లలో వార్తలు వినువారికి చిటపట చాలవరకు తగ్గును.