చెట్టు కింద బండి, నలభై నానోసెకన్లు

"అనంతగిరి ఘాట్ దిగి తాండూరు వైపు పోతున్నా. చెట్టు కింద పోలీసు బండి ఉంది, ఎవరూ ఆపలేదు. సాయంత్రానికి ఫోన్‌లో చలానా! నిలబడ్డ బండికి నా కారు స్పీడు ఎట్ల తెలిసింది? అద్దానికి సీడీ కడితే తప్పించుకోవచ్చా?" అని తాండూరు పాఠకుడొకరు అడిగారు.

సీడీ కట్టకండి, లాభం లేదు. పోలీసు బండిలోని లేజర్ గన్ గురి నంబరు ప్లేటు మీద ఉంటుంది. హైసెక్యూరిటీ ప్లేటు మీది పొర, పడ్డ వెలుతురును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది.

లేజర్ గన్ అనగానే చాలామంది డాప్లర్ ప్రభావం (కదిలే వస్తువుకు తగిలి వచ్చే తరంగం పౌనఃపున్యం మారడం) పేరెత్తుతారు. అది రాడార్ గన్‌కు సరిపోతుంది. పోలీసుల లేజర్ గన్ పని అంతకన్నా సూటి: కంటికి కనిపించని పరారుణ కాంతి మెరుపు ఒకటి వదిలి, అది తిరిగొచ్చేదాకా సమయం లెక్కపెట్టడం. కారు 150 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 300 మీటర్లు, అంటే సెకనులో పది లక్షలో వంతు. 0.3 సెకన్ల తర్వాత ఇంకో మెరుపు. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు ఈలోగా 6 మీటర్లు దగ్గరైంది. కాంతికి 12 మీటర్ల నడక తగ్గింది, 40 నానోసెకన్లు మిగిలాయి. మీ వేగమంతా ఆ నలభైలోనే ఉంది!

గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో ఇలాంటి ప్రయోగమే చెప్పాడు. అనంతగిరి మీద ఒకరు, ఎదుటి గుట్ట మీద ఒకరు మూసిన లాంతర్లతో నిలబడ్డారనుకోండి. ఒకరు మూత తీయగానే రెండోవారు తీయాలి. మైలు లోపు దూరంలో చేసి చూసి, ఆయన ఏమీ తేల్చలేకపోయాడు. మైలు దూరం పోయిరావడానికి కాంతికి సెకనులో లక్షో వంతు చాలు. వెలుగు చూసి మన చెయ్యి కదిలేలోగా అదే కాంతి భూమిని ఒక చుట్టు చుట్టేయగలదు. ఆలోచన సరైనదే, గడియారమే చాలలేదు.

గన్ కూడా పొరబడగలదు. కొలిచేటప్పుడు గురి ముందు అద్దం మీంచి ప్లేటు మీదికి ఒకటిన్నర మీటర్లు జారితే, లేని వేగం 18 కిలోమీటర్లు కలుస్తుంది. అందుకే మంచి గన్ ఆ 0.3 సెకన్లలోనే పదుల కొద్దీ మెరుపులు పంపుతుంది. దూరాలు ఒకే తీరున తగ్గకపోతే అంకె చూపదు. పక్క నుంచి కొలిస్తే మాత్రం లాభం మీకే: 30 డిగ్రీల కోణంలో 72 కాస్తా 62 అవుతుంది.

నా బాధ ఒక్కటే. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఢీకొన్నది తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సునే. టిప్పర్‌లో కంకర ఎంతుందో, రోడ్డు ఎంత ఇరుకో ఏ గన్నూ కొలవదు. వాటిని కొలిచే పని కూడా ఇంతే పట్టుదలగా జరగాలి.

చలానా కట్టాలో వద్దో తేల్చుకోవడానికి ఫొటో పెద్దది చేసి చూడండి. వేగం, దూరం అంకెలతో పాటు గురి గుర్తు ఉంటుంది. అది పక్క బండి మీద ఉంటే ఫిర్యాదు చేయండి. మీ ప్లేటు మీదే ఉంటే కట్టేయండి.