వనస్పతి డబ్బాకు బిల్లు తప్పనిసరి

వాడరేవు: ఆదివారాల్లోను, కార్తీక స్నానాల రోజుల్లోను ఇక్కడి ఇసుక మీద బజ్జీల బండ్లకు, చేపల వేపుడు అంగళ్లకు తీరిక వుండదు. వీటికి కావలసిన నూనె, వనస్పతి డబ్బాలు చీరాల టోకు దుకాణాలలో దొరుకుతాయి. కొనేవారు ధర, తూకం, రంగు చూసుకుంటారు. అమ్మేవారు మాత్రం మరో అంకె కూడా చూసుకోవలసి వున్నది.

2022 జనవరి 1 నుంచి నూనెలు, వనస్పతి, బేకరీ కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదు. 2021లో ఈ హద్దు 3 శాతం, అంతకు ముందు 5, మొదట్లో 10. నూనెతో తయారైన తినుబండారాలకూ ఇదే కట్టుబాటు. అందులోని మొత్తం కొవ్వును బట్టి లెక్క కడతారు.

పలుచని నూనెకు నికెల్ సాయంతో ఉదజని పట్టించి గడ్డ కట్టించే పనిని సగంలో ఆపితే ఈ కొవ్వు పుడుతుంది. ఇది నెత్తురులో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గిస్తుంది. దీనివల్ల ఏటా 5 లక్షల వరకు గుండెజబ్బు మరణాలు సంభవిస్తున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది. డెన్మార్క్ 2003లోనే 2 శాతం హద్దు పెట్టింది.

పత్తి జిల్లాలకు ఈ కథతో చుట్టరికం వున్నది. 1911లో అమెరికాలో బజారుకెక్కిన క్రిస్కో గడ్డ కట్టించిన పత్తిగింజల నూనే. అంతమాత్రాన గింజల నూనెను తప్పు పట్టడం సరికాదు. దోషం గడ్డ కట్టించే పద్ధతిది. ఉదజని పట్టించని రిఫైండ్ నూనెలో ట్రాన్స్ కొవ్వు స్వల్పమే. ఈ తేడా తెలియక బేరాలు చెడగొట్టుకోరాదు.

పామాయిల్ స్వతహాగా సగం గడ్డగా వుంటుంది కనుక దాని మిశ్రమాలతో హద్దు దాటకుండా వనస్పతి తయారు చేయవచ్చు. అయితే అందులో సంతృప్త కొవ్వు ఎక్కువ. ‘ట్రాన్స్ లేదు’ అన్న చీటీ చూసి అది గుండెకు మేలని చెప్పి అమ్మడం భావ్యం కాదు.

వర్తకునికి అసలు చిక్కు చీటీ లేని డబ్బాతోనే. ఆహార భద్రత చట్టం 26వ సెక్షన్ ప్రకారం సరకు అమ్మే టోకు వ్యాపారి కొనే వర్తకునికి రాతపూర్వక హామీ ఇవ్వాలి. బిల్లు ఇస్తే అదే హామీ కింద లెక్క. సరకు ఎవరి దగ్గర కొన్నదీ చూపలేకపోతే 27వ సెక్షన్ కింద బాధ్యత అమ్మినవానిదే. నాసిరకమని తేలితే 5 లక్షల రూపాయల దాకా జరిమానా. పన్ను మిగులుతుందని బిల్లు లేకుండా డబ్బా దించుకున్నవాడు ఈ రక్షణను వదులుకున్నట్లే.

మరిగిన నూనె సంగతి వేరు. 2018 జూలై 1 నుంచి పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదు. పెద్ద హోటళ్లు వాడి వదిలిన నూనెను చవకగా కొని చిన్న బండ్లకు అమ్మే బేరంలో దళారీలు తలదూర్చకపోవడం మంచిది. అలాంటి నూనె బయోడీజిల్ తయారీకి వెళ్లవలసినది.