పాత కారులో ఇంజను రొద – దానిని అణచు విధము

అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయినది. అయినను ఇంటి పెద్దలు వాడిన బండిని అమ్ముటకు మనసొప్పక షెడ్డులో నిలిపియుంచి, సెలవు దినములలో స్వయముగా బాగుచేసికొను వేడుక గలవారు మనలో నేటికిని కొందరు కలరు. రంగు వేసి, సీట్లు కుట్టించి, పిల్లలతో బయలుదేరిన పిదప వారికి మొదట తోచు కొరత ఇంజను రొద. వెంటనే బజారునకు పోయి మందమైన స్పాంజి కొని, బానెట్టు క్రిందను కాళ్లు పెట్టు చోటను అంటింతురు. డబ్బు పోవును గాని రొద పోదు. ఎందుచేత పోదో తెలిసికొన్నచో, ఏ పని ముందు చేయవలెనో దానంతట అదియే తేలును.

ఆ బండిలోని ఇంజనుకు సిలిండర్లు నాలుగు. ఒక్కొక్కటి రెండు చుట్లకొక పర్యాయము మండును. కావున నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు సెకనుకు 100 ప్రేలుళ్లు జరుగును. సెకనుకు 100 కంపనములు గల ధ్వని తరంగము గాలిలో సుమారు మూడున్నర మీటర్ల పొడవుండును. అంగుళము మందపు స్పాంజి దానినేమి చేయగలదు? టాపెట్ల టకటకలను, ఫ్యాను ఈలను అది కొంత మ్రింగును, అంతే. స్పాంజి చివరి పని.

మొదటి పని తూట్లు మూయుట. ఇంజనుకును ముందు సీటుకును నడుమ నున్న ఇనుప గోడను మెకానిక్కులు ఫైర్‌వాల్ అందురు. వైర్లు, కేబుళ్లు, స్టీరింగు కడ్డీ మున్నగునవి లోనికి వచ్చుచోట దానికిని, క్రింది రేకునకును తూట్లుండును. వాని అంచుల నుండు రబ్బరు వలయములు ఏండ్లు గడచిన కొలది ఎండి పగులును. గోడ వైశాల్యములో నూటికొక వంతు తెరచియున్నచో, తక్కిన తొంబదితొమ్మిది వంతులను ఎంత దళసరి చేసినను ధ్వని 20 డెసిబెళ్లకు మించి తగ్గదు. వాకిలి మూసి కిటికీ తెరచి కూర్చున్నట్లే యగును.

రొద మాట యటుండనిండు. ఎగ్జాస్టు గొట్టము కీళ్లు కారుచున్నచో కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఈ తూట్ల గుండనే లోనికి చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. వెనుక సీటులోని పిల్లలు ప్రయాణపు బడలికచే నిద్రించినారని మనము తలతుము. అది నిద్రయో, విషవాయువు మైకమో చూచి చెప్పుట కష్టము. కావున ముందు ఆ కీళ్లను బాగుచేయించి, పిదప తూట్లను వెదకవలెను. రాత్రివేళ, ఇంజను ఆపి, బానెట్టు క్రింద ఒక బ్యాటరీ దీపముంచి, చీకటిలో ముందు సీటున కూర్చుండి చూడుడు. వెలుతురు చుక్క కనబడిన చోటెల్ల తూటు గలదన్నమాట. పిల్లలకీ పని మిక్కిలి సరదా. వైర్ల చుట్టు క్రొత్త రబ్బరు వలయములు తొడిగి, సందులను వేడికి ఓర్చు సీలెంటుతో పూడ్చవలెను. వాన నీరు పోవుటకై ఉంచిన రంధ్రములను మాత్రము మూయరాదు. మూసినచో రేకు తుప్పుపట్టును.

రెండవది రేకుల మ్రోత. మ్రోగుచున్న కంచు గంటపై అరచేయి మోపిన నాద మణగును గదా! రేకుపై అంటించు బ్యుటైల్ రబ్బరు పలక చేయు పనియు నదియే. దాని మందము రెండు మిల్లీమీటర్లున్న చాలును. రేకు నంతయు కప్పనక్కరలేదు. నడిమి భాగమున మూడవ వంతు మొదలు సగము వరకు కప్పిన చాలును. వ్రేలి ముడితో తట్టినపుడు 'ఖంగు'మనుట మాని 'టప్పు'మన్నచో పని కుదిరినట్లే. చవుకగా దొరకు తారు పలకలు ఎండకు మెత్తబడి జారును; వానిని ఇంజను వైపున వాడకుండుటయే మేలు.

ఇక స్పాంజి. పాత పెట్రోలు అంబాసిడరులో కార్బురేటరును, నిప్పువలె కాలు ఎగ్జాస్టు మానిఫోల్డును ఇంజనుకు ఒకే ప్రక్కన నుండును. అచ్చట గోనె, దూది, పరుపుల స్పాంజి అంటించుట కొరివితో తల గోకికొనుటయే. అవి నూనెను, పెట్రోలును పీల్చి వత్తివలె నిలుచును. నూనె పీల్చని, మంటకు ఓర్చు సరకునే కొనవలెను. అంగడివాని మాట చాలదు. చిన్న ముక్కను ఆరుబయట, బండికి దూరముగా, పట్టకారుతో పట్టి వెలిగించి చూడుడు. మంట తొలగించిన పిదపను మండుచున్నను, కరగి బొట్లుగా రాలినను దానిని పనికిరానిదిగా ఎంచవలెను. ఈ పరీక్ష పెద్దలదే, పిల్లలది కాదు.

రంగు పని వీనికన్న ముందే ముగియవలెను. బ్యాటరీ నెగటివు తీగ విప్పి, జిడ్డు కడిగి, తుప్పు గీకి, ప్రైమరు పూసి, ఆరిన పిదప బండి అసలు రంగునే వేయుట మంచిది. ఛాసిస్ నంబరుపై రంగు గాని పలక గాని పడరాదు. 2021లో కేంద్ర ప్రభుత్వము చేర్చిన నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపము చెడని బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను లభించును. అందుచే పలకల కొరకై క్రొత్త తూట్లు పొడువక, ఉన్న క్లిప్పులనే వాడుకొనుడు.

మొదటి దూర ప్రయాణము ముగిసి ఇంజను చల్లారిన పిదప బానెట్టెత్తి, పలకల అంచులను ఒకసారి తడిమి చూడవలెను. జిగురు విడిన ముక్క వ్రేలాడి ఫ్యానునకు గాని మానిఫోల్డునకు గాని తగులునట్లున్నచో, దానిని అప్పుడే కోసివేయవలెను.